కొసరు

ఆదివారం పొద్దున్నే త్రిస్తాన్ నర్వాహా వీధిలో
ఎల్బియో బల్ల వేసి దుప్పటి పరిచేవాడు.
చంకలో వేన్నీళ్ళ థర్మాస్, చేతిలో మాతె బుర్ర.
అటు తుప్పు తాళాల ముసలాయన, ఇటు పంజరాల్లో చిలకలు,
మధ్యన మావి డిస్కులు.
మాంటెవిడియోలో మూలబడ్డ కంప్యూటర్లన్నిటికీ
మేమే ఆచారులం అనుకునేదాన్ని. నాకు పదహారేళ్ళు.

"చూడు రొమీనా, ఇది దుకాణం సరుకు.
దీనికి డబ్బా ఉంటుంది, డబ్బాలో తాళంచెవి,
ఇరవై అయిదు అక్షరాలు.
ఈ యంత్రం చస్తే ఇంకో యంత్రంలోకి పోతుంది,
ఎవరింటికైనా చుట్టమే."

మరి ఇది?

"అది కొసరు. కంప్యూటర్ కొంటే చేతిలో పెట్టింది.
మొహాన తయారీదారు పేరు ఉందా? దానికింద చదువు."
చీమ తలకాయలంత అక్షరాలు:
కొత్త కంప్యూటర్‌తో తప్ప విడిగా అమ్మరాదు.
"దీని తాళంచెవి కంప్యూటర్ ఒంటికే అంటించి ఉంటుంది.
మదర్‌బోర్డ్ పోయిందా, ఇదీ పోయినట్టే."

మెరుపు చూసి మోసపోకు అనేవాడు,
కొన్ని కొసరులు కూడా మెరుస్తాయి. అక్షరాలు చదువు.
వీపు ఊదాగా ఉంటే మాత్రం చదవడం కూడా దండగ,
ఎవడో వంటింట్లో కూచుని తీసుకున్న నకలు.

కొసరులన్నీ బల్ల కింద అరటిపళ్ళ అట్టపెట్టెలోకి పోయేవి.
బేరం లేని పూట ఆ పెట్టెలో పేర్లు చదువుకునేదాన్ని.
కొన్నిటి కంపెనీలే మూతపడ్డాయి.

జనవరిలో మిర్తా వచ్చింది,
కార్నివాల్ పాటగాళ్ళకు బట్టలు కుట్టే మనిషి.
వేళ్ళ సందుల్లో తళుకు పొడి, చంకలో లాప్‌టాప్.
"పదిహేడు టోపీలు. కుట్టుమిషన్‌తో మాట్లాడ్డం
దీనికొక్కదానికే వచ్చు. ఇదేమో నోరు పడిపోయింది."

కాఫీ హోటల్ కిటికీలోంచి కరెంటు తీగ లాగాం.
ఎల్బియో తన దగ్గరున్న వాటిలో ఖరీదైనది తీశాడు,
డబ్బాతో సహా. అది తిరిగింది, తిరిగింది,
తాళంచెవి అడిగింది.

లాప్‌టాప్ బోర్లా తిప్పితే
స్టిక్కర్ పాలిపోయి ఉంది.
పన్నెండేళ్ళు ఒళ్ళో పెట్టుకుని పని చేసింది మిర్తా,
ఆమె తొడలు అక్షరాలను తుడిచేశాయి.
ఎల్బియో పెన్సిల్ పొడి చల్లాడు, ఊదాడు, ఎండకు వాల్చాడు.
ఇది ఎనిమిదా, బి నా? ఇది జి నా, ఆరా?
మాతె చల్లారిపోయింది.

దుకాణం తాళానికి కొసరు చెవి పట్టదని
నాకు నేర్పింది తనే.
అయినా పెట్టి చూస్తూనే ఉన్నాడు,
మిర్తా చూస్తోంది కాబట్టి.

నేను బల్ల కిందికి దూరాను.
లాప్‌టాప్ మూత మీది పేరే
పెట్టె అడుగున ఒక డిస్క్ మొహాన ఉంది,
మీద పిల్లి గీరినట్టు గీతలు.
పెట్టాం. అది గుర్రుమంది, ఆగింది, మళ్ళీ గుర్రుమంది,
లోపల తన వాళ్ళ బోర్డును చూసుకున్నట్టుంది.
ఒక్క అక్షరం అడగలేదు.

"ఎంత?" అంది మిర్తా.
ఎల్బియో డిస్క్‌ను కళ్ళకు దగ్గరగా పట్టుకుని
విడిగా అమ్మరాదు అని పైకే చదివాడు.
"అయితే ఆ పెట్టెలో మిగతావి?"
వాటికీ అదే రాత.
"ఊరికే ఇవ్వొద్దని రాసి లేదుగా" అని
అట్టపెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది.
ఆ తర్వాత చాలాసేపు ఎల్బియో నాతో మాట్లాడలేదు.
చిలకల వాడికి చిల్లర ఇచ్చేటప్పుడు నవ్వాడు, వాడితో.

ఫిబ్రవరి రాత్రి, పేటలో చెక్క వేదిక.
పదిహేడు మంది పాడుతూ ముందుకొచ్చారు,
ఒక్కో టోపీ అంచున ముప్ఫై డిస్కులు కుట్టి ఉన్నాయి.
తల ఊపినప్పుడల్లా వెలుగు మా మొహాల మీద పడి జారుతోంది.
ఎల్బియో నన్ను మోచేత్తో పొడిచాడు,
"ఎడమ నుంచి మూడోవాడి నుదుటి మీది చెప్పు,
అసలా, కొసరా?"

అయిదో వరస. కళ్ళు చికిలించి చూశాను.
అక్షరాలు కనబడలేదు.